మాడిన వట్టివేరు

కరీంనగర్‌లో డిటెక్టివ్ నవీన ఆఫీసుకు పరుగున వచ్చిన సక్కుబాయి కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా తమ్ముణ్ని నేనే పోలీసోళ్లకు పట్టిచ్చిన మేడం. రాత్రంత నిద్ర లేదు. వాడు కాదేమో!"

ఆమె భర్త హనుమండ్లు చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డున వట్టివేళ్ల నుంచి అత్తరు నూనె తీస్తాడు. నిన్న మధ్యాహ్నం బట్టీ దగ్గర ఎవరో అతని తల పగలగొట్టి నూనె డబ్బా ఎత్తుకుపోయారు. అతనింకా కరీంనగర్ ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. పక్కనే నూనె మరకలున్న తువ్వాల దొరికింది. అది తన తమ్ముడు అంతయ్యదని, బావతో కొట్లాడి వారంగా పనికి రావడం లేదని చెప్పింది సక్కుబాయే.

"నిన్న మీ ఆయన ఎట్లున్నడు?" నవీన అడిగింది.

"పరేషాన్ల ఉండె. బట్టీ మంట ఎక్కువై వట్టివేళ్లు మాడినయి. నూనెంత మాడు వాసన. గట్లెన్నడు కాలే. జర వచ్చి చూడుమని నూనె కొనే అరుణ్‌కు ఫోన్ చేసిండు."

సాయంత్రానికల్లా నవీన, సహాయకుడు ఓంప్రకాశ్ సక్కుబాయితో చెన్నూరు పోలీస్ స్టేషన్ చేరారు. ఎస్సై తువ్వాల చూపించాడు. నవీన వాసన చూసి ఓంప్రకాశ్‌కు ఇచ్చింది.

"వాన పడ్డ మట్టి వాసన," అన్నాడతను. "హాయిగా ఉంది."

"గా తువ్వాల కొట్లాడిన నాడు బట్టీ కాడ్నే మర్చిపోయిన," అన్నాడు లాకప్‌లో ఉన్న అంతయ్య. సక్కుబాయి తల దించుకుంది.

వాంగ్మూలానికి పిలిపించిన అరుణ్ లోపలికి రాగానే గది గులాబి వాసనతో నిండిపోయింది.

"గులాబి అత్తరా?"

"కాదు మేడం, ఆదిలాబాద్ అడవుల రోషగడ్డి నూనె. వాసన మాత్రం గులాబిదే."

"హనుమండ్లు దగ్గరికి ఎప్పుడు పోయిన్రు?"

"దసరాకు పోయిన. మల్ల పోలే. ఆయన నూనె ముట్టలే. నిన్న మంచిర్యాలల ఉన్న."

నవీన అతణ్ని ఫ్యాను కింద కూర్చోబెట్టి, అంతయ్యను తీరిగ్గా ప్రశ్నించసాగింది. బయట చీకటి పడింది. ఎందుకీ జాగు అనేది ఓంప్రకాశ్‌కు అర్థం కాలేదు. అరుణ్ లేవబోయాడు.

"మీ గడియారం ఇవ్వండి," అంది నవీన.

అతను చప్పున మణికట్టు మూసుకున్నాడు. ఎస్సై బలవంతంగా విప్పించాడు. నవీన ఇవ్వగానే సక్కుబాయి దాని తోలు పట్టీ వాసన చూసింది.

"మాడు వాసన! గిది నిన్నటి నూనె!"

"రోషగడ్డి వాసన తేలిక. గాలికి ఎగిరిపోతుంది," అంది నవీన అందరివైపు చూస్తూ. "వట్టివేరు చిక్కన. తోలులో ఇంకితే వదలదు. దాన్ని కప్పడానికే అరుణ్ అంత నూనె పూసుకున్నాడు. మాడిన నూనె నిన్ననే పుట్టింది. నిన్న అక్కడున్న వాళ్లకే అది అంటుతుంది. తువ్వాలలో ఆ మాడు లేదు. అది అంతకుముందటి నూనె."

అరుణ్ మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

"మాడిన నూనె పారబోస్తనన్నడు హనుమండ్లు. మంచి నూనెల కలిపి అమ్ముదామన్న. నా పేరు చెడగొడుతవా అని డబ్బా గుంజిండు. మీద ఒలికింది. కోపంల కట్టెతోని కొట్టిన."

ఎస్సై అంతయ్యను పొమ్మన్నాడు. అతను అక్క దగ్గరికి వచ్చాడు. ఆమె మొహం ఎత్తలేకపోయింది.

"కరీంనగర్ బస్సు ఉంటదో లేదో," అన్నాడతను. "పా అక్కా, బావ కాడికి పోదాం."