శుక్రవారం చారలు

తెమిర్‌కుల్ టోపీని చేతుల్లో నలుపుతూ లోపలికి వచ్చేసరికి డిటెక్టివ్ సపరాలి టీ పోసుకుంటున్నాడు.

"నా యంత్రాన్ని చంపుతున్నారు బైకే!" అన్నాడు తెమిర్‌కుల్ కూర్చోకుండానే. వాళ్ల భాషలో బైకే అంటే అన్నగారు.

ఓష్ బజారు పక్కన అతనికి ఫోటో స్టూడియో ఉంది. గోడంత ఫోటోలు వేసే పెద్ద ప్రింటరు మీదే ఇంటిల్లిపాదీ బతుకుతున్నారు. చలికాలం మొదలైనప్పటి నుంచీ శుక్రవారం పొద్దున చూసేసరికి దాని సిరా రంధ్రాలు పూడుకుపోయి ఉంటున్నాయి. పెళ్లికూతుళ్ల మొహాల మీద తెల్ల చారలు పడుతున్నాయి.

"ఎవరి మీద అనుమానం?"

"ప్రింటరు నడిపే బురుల్చా మీద. దాని చూపు మంచిది కాదు. నిన్న రొట్టెలమ్మే ఉరుమ్‌కాన్ ముందు, మా బావమరిది ముందు నానా మాటలూ అని వెళ్లగొట్టాను. మీరు రుజువు చూపిస్తే చాలు."

సహాయకుడు మెలిస్ అప్పటికే కోటు తొడుక్కున్నాడు. గురువుగారు టీ వదిలి లేచారంటే కేసు పట్టుకున్నారన్నమాటే.

స్టూడియోలో సపరాలి ముందు గోడకేసి చూశాడు.

"ఈ గీతల కాగితాలేమిటి?"

"సాయంత్రం వెళ్లేముందు బురుల్చా తీసే పరీక్ష కాగితాలు. రంధ్రం పూడితే గీత తెగుతుంది."

గురువారం నాటి కాగితంలో ఒక్క గీత కూడా తెగలేదు.

"రాత్రిపూట తాళంచెవి ఎవరి దగ్గర?"

"నా దగ్గరే."

"పొద్దున వచ్చాక ఆమె ఏమంటుంది?"

"అన్నీ సాకులే! సిరా చిమ్మే తల దాని గూట్లో లేదు, నడిమధ్యన ఆగి ఉందంటుంది. దానికేమైనా కాళ్లొచ్చాయా అని అడిగాను."

సపరాలి నవ్వలేదు. తల అడుగున తెల్లగుడ్డ అద్ది తీశాడు. ఆరిన సిరాతో పాటు జిడ్డుమసి అంటింది. మెలిస్ వాసన చూసి కిటికీ వైపు తిరిగాడు. అక్కడ చిన్న ఇనుప పెనంలో ఆర్చా అనే కొండచెట్టు కొమ్మల బూడిద ఉంది.

"నిన్న నీ మాటలు విన్నవాళ్లందర్నీ పిలువు. బురుల్చాను కూడా," అన్నాడు సపరాలి.

అందరూ వచ్చారు. బురుల్చా గుమ్మం దగ్గరే నిలబడింది.

"తాళంచెవి నీ దగ్గరే ఉంది. గురువారం రాత్రి ఇక్కడికి ఎందుకొస్తావు తమ్ముడూ?" అని సపరాలి తెమిర్‌కుల్‌ని అడిగాడు.

"దిష్టి తీయడానికి. నమాజయ్యాక ఆర్చా పొగ వేస్తాను. మా అమ్మ కూడా వేసేది."

"పొగ లోపలికి ఎలా వెళ్లింది?"

తెమిర్‌కుల్ ప్రింటరు మూత మీద చెయ్యి వేశాడు. "మూత తీసి... దాని గుండెకు తగలాలని తలను మధ్యకు రప్పించి, కరెంటు తీసేసి..."

"అలాగే వదిలి వెళ్లావు. గూట్లో ఉంటే తడి ఆరదు. బయట రాత్రంతా సిరా ఎండింది, మసి పట్టింది. ఆమె చెప్పింది నిజమే. నువ్వు వినలేదు."

"ఇంతకీ ఎవరి దిష్టయ్యా?" అంది ఉరుమ్‌కాన్.

తెమిర్‌కుల్ బురుల్చా వైపు చూడలేకపోయాడు. వారం వారం దేవుడి పేరు చెప్పి తాను వేసిన పొగ ఈ పిల్ల మీదే.

"రక్ష కోరడం తప్పు కాదు," అన్నాడు సపరాలి మెల్లగా. "కానీ ఎవరి నుంచి కోరుతున్నామో ఒకసారి చూసుకోవద్దా?"

బురుల్చా లోపలికి వచ్చి, శుద్ధజలంలో తడిపిన గుడ్డను తల కింద పరిచి నానబెట్టింది. చాలాసేపటికి పరీక్ష కాగితం వచ్చింది. గీతలన్నీ నిండుగా ఉన్నాయి.

"బైకే, పొగ వేసుకోండి," అంది. "మూత మాత్రం నేనే వేసి వెళ్తాను, తీయకండి."

ఆమె తిట్టి ఉంటే తట్టుకునేవాడు. నిన్న నానా మాటలూ అన్నచోటే, ఆ నలుగురి ముందే, తెమిర్‌కుల్ టోపీ తీసి తల వంచాడు.

"చేసింది నేను," అన్నాడు.