ఏడు నిమిషాలు తొందరపడ్డ గడియారం

"గుండెపోటు," అన్నాడు పోలీసు డాక్టరు. గ్లవ్స్ విప్పుతూ, టైమ్ చూసుకుంటూ, ఇక్కడ తన పని అయిపోయిందన్నట్టు అన్నాడు.

ఉదయం తొమ్మిదిన్నర. షాపులో పనిబల్ల మీదికి వాలిపోయి ఉన్నాడు అరవై తొమ్మిదేళ్ల వాచ్ మేకర్. కంటికి బిగించుకునే భూతద్దం ఇంకా కంటికే ఉంది. పక్కన ట్రేలో స్క్రూడ్రైవర్లు సైజు ప్రకారం పేర్చి ఉన్నాయి. గోడల నిండా గడియారాలు తమ మానాన తాము నడుస్తున్నాయి.

గుమ్మంలో నిలబడ్డ మనిషి పళ్లు పటపటా కొరికాడు. గూఢచారి బ్యూరోలో అతని కోడ్ నేమ్ 'ముల్లు'. శత్రువుకి గుచ్చుకుంటాడని పైవాళ్లు పెట్టిన పేరది. ఇప్పటిదాకా ఎక్కువసార్లు గుచ్చుకున్నది ఆ పైవాళ్లకే. బల్ల మీద పడి ఉన్నది అతని బాబాయి. తండ్రి పోయాక ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టి, చదువుతోపాటు గడియారం విప్పడం, బిగించడం కూడా నేర్పిన బాబాయి. చూడ్డానికి వస్తానని ఫోన్లో చెప్పి నాలుగు నెలలయింది. పనులు, టూర్లు, రహస్యాలు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఏ కంటికి ఉందో చూశావుట్రా ఆ అద్దం?"

లోపలి గదిలోంచి వచ్చింది పిన్ని. ఆవిడ ఇంకా ఏడుపు మొదలుపెట్టలేదు. అంత కోపంలో ఉంది.

"ఎడమ కంటికి," అన్నాడు ముల్లు.

"ఆ కంటికి చూపు పోయి పదేళ్లయింది. నలభై ఏళ్లు కాపురం చేశాను, ఎడమ కంటికి అద్దం పెట్టగా ఒక్కరోజు చూడలేదు. ఎవడో చంపి, తెలీక ఆ కంటికి తగిలించి పోయాడు. నేను కూరలకి వెళ్లొచ్చేలోపు."

"నాకూ అదే అనిపించింది పిన్నీ."

"అనిపిస్తే ఇంకా ఇక్కడ నిలబడ్డావేం? వెళ్లు. వాడెవడో తేల్చుకుని రా."

పళ్ల డాక్టరు బోర్డు వెనకాల ఉంటుంది బ్యూరో ఆఫీసు. వెయిటింగ్ రూమ్‌లో నిజంగానే ఇద్దరు పేషెంట్లు చెంపలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్లని దాటి లోపలి గదిలోకి వెళ్తే పెద్దాయన. బ్యూరో చీఫ్. ఎదటివాడి ఇల్లు తగలబడుతున్నా వాతావరణం గురించి మాట్లాడే గొంతు.

"కూర్చో. మీ బాబాయి నిన్న ప్రొఫెసర్‌గారి అలారం వాచ్ సర్వీసింగ్ పూర్తి చేశాడు. ఇవాళ ఎనిమిదిన్నరకి ప్రొఫెసర్ డ్రైవర్ వెళ్లి తెచ్చుకున్నాడు. ఇచ్చింది మీ బాబాయి కాదు. షాపు మనిషినని చెప్పుకున్న ఎవడో."

"షాపులో మనుషులెవరూ లేరు."

"తెలుసు. బల్ల కింద గాజు ముక్క దొరికింది. ల్యాబ్ తేల్చింది. విషవాయువు క్యాప్సూల్. మీ బాబాయి పోయింది దానితోనే. పొగ ముఠా పని."

పొగ ముఠా అంటే సరిహద్దు అవతల్నించి నడిచే గ్యాంగ్. ముల్లు మూడేళ్లుగా వాళ్ల వెంట పడుతున్నాడు. మనిషి చేతికి చిక్కడు, శవాలు మాత్రం మిగులుతాయి.

పెద్దాయన చెప్పుకుపోయాడు. "అలారం మోగడమంటే లోపల బుల్లి సుత్తి టకటకా కొట్టుకోవడం. అది నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ సుత్తి పక్కనే అలాంటి క్యాప్సూలే ఇంకోటి అమర్చి ఉంటారు. అలారం నాలుగింటికి. రోజూ ప్రొఫెసర్ మాత్ర వేసుకునే టైమ్. ఇవాళ మూడింటికి సీక్రెట్ మీటింగ్. ఆయనతో కలిపి ఏడుగురు సైంటిస్టులు. కొత్త రాడార్ లెక్కలన్నీ ఆ ఏడు బుర్రల్లోనే ఉన్నాయి."

"అయితే ఫోన్ చేసి ఆ వాచ్ తీసెయ్యమనండి."

"చెయ్యను."

ముల్లు తన చెవుల్ని తనే నమ్మలేదు.

"మీటింగ్ సంగతి ముఠాకి చేరిందంటే మనలోనే ద్రోహి ఉన్నారు," అన్నాడు పెద్దాయన. "ఆ మనిషి ఆ గదిలోనే కూర్చుని, నాలుగింటికి ముందు మెల్లగా లేస్తారు. లేచినవాళ్లని గార్డు పట్టుకుంటాడు. నువ్వు వాచ్ ఆపెయ్. మూడూ యాభై ఎనిమిది దాకా వేలు కూడా కదపొద్దు."

"అంటే ఏడుగుర్ని ఎర వేస్తున్నారు."

"రెండు నిమిషాలు నీకు చాలవా?"

"చాలడం చాలకపోవడం కాదు సార్. మనుషులు వాళ్లు."

"ఇది ఆర్డర్. క్యాప్సూల్ సంగతి నీకూ నాకూ ల్యాబ్‌కీ తప్ప ఎవరికీ తెలీదు. తెలియకూడదు."

గ్యాడ్జెట్స్ సెక్షన్‌లో బొత్తాం కెమెరా, మత్తు పెన్ను, ఇయర్‌పీస్ ఉన్న కాలర్ మైక్ చేతిలో పెట్టారు. మైక్ ఒక్కటి ఉంచుకుని మిగతావి బల్ల మీదికి విసిరేశాడు ముల్లు. షాపు నుంచి తెచ్చుకున్న సంచీ భుజాన వేసుకున్నాడు. అందులో బాబాయి సామాను ఉంది. ఇత్తడి ట్వీజర్లు, వాచ్ వెనక మూత తిప్పే రబ్బరు బంతి, పల్చటి కాగితం ముక్కలు. మొహానికి మీసం, ఒంటికి నీలం ఓవరాల్. గోడగడియారాలు బాగుచేసే మెకానిక్ తయారయ్యాడు.

మీటింగ్ గది భూగర్భంలో. కిటికీ ఒక్కటి లేదు. ఏసీ గొట్టాలు మాత్రం భవనమంతటికీ కలిపే ఉన్నాయి. గ్యాస్ వదిలితే ఈ గదితో ఆగదని చూడగానే అర్థమైంది. ముల్లు లోపల్లోపలే పెద్దాయన్ని నానా తిట్లూ తిట్టుకున్నాడు.

కారిడార్‌లో ఎదురైంది మైనా. మీటింగ్ ఏర్పాట్లు చూసే బ్యూరో ఆఫీసర్. ముత్యాల చెవిపోగులు, సన్నటి సెంటు వాసన, ఏ రాయబారినైనా పది నిమిషాల్లో బోల్తా కొట్టించే నవ్వు. మెకానిక్ వేషంలో ఉన్నది ఎవరో ఆమెకి తెలుసు. మామూలు సెక్యూరిటీ డ్యూటీ అనే చెప్పారు ఆమెకి.

"ఇవాళ కూడా వచ్చారా?" అంది గొంతు తగ్గించి. "గుండెపోటని విన్నాను. అయ్యో పాపం."

"డ్యూటీ కదండీ."

"ఒక్కటే తృప్తి అనుకోండి. పోయేముందు ఆ ప్రొఫెసర్‌గారి వాచ్‌కి చక్కగా తలంటు పోసే వెళ్లారు."

ముల్లు తలూపి నిచ్చెన భుజాన పెట్టుకుని ముందుకి నడిచాడు. నాలుగడుగులు వేశాక అతని ఒళ్లంతా మండిపోయింది.

తలంటు. గడియారం మొత్తం విప్పి, ఒక్కో చక్రం కడిగి, ఆరబెట్టి, నూనె చుక్క వేసి మళ్లీ బిగించడానికి బాబాయి వాడే మాట అది. కస్టమర్ల ముందు ఎప్పుడూ అనడు, నవ్వుతారని. రసీదులో కూడా సర్వీసింగ్ అనే రాస్తాడు. పనిబల్ల దగ్గర, ఇంట్లోవాళ్ల ముందే అంటాడు. లేకపోతే ఎవరైనా ఆ గడియారం మీద చెయ్యి వేసినప్పుడు అంటాడు. తలంటు పోసిన గడియారం, మళ్లీ విప్పనివ్వను అని. పొద్దున అదే అని ఉంటాడు. అది విన్నది ఈవిడ. షాపు మనిషినన్నవాడితో పాటు ఈవిడా అక్కడే ఉంది.

కాలర్ మైక్‌లో పళ్ల సందునుంచి చెప్పాడు. "ద్రోహి మైనా."

"ఆధారం?" అంది చెవిలో పెద్దాయన గొంతు.

"తలంటు అంది."

"ఒక మాట పట్టుకుని ఆఫీసర్ని అరెస్ట్ చెయ్యమంటావా? లేచి బయటికి రానీ. మూడూ యాభై ఎనిమిది."

"మా బాబాయిని చంపించింది సార్ ఇది."

"నిచ్చెనెక్కు."

ఎక్కాడు. గోడగడియారం అద్దం తెరిచి, ముళ్ల జోలికి పోకుండా, తుడుస్తున్నట్టు నటించాడు. కింద పొడుగాటి బల్ల చుట్టూ ఏడుగురు. చివరి కుర్చీలో మైనా, కాలు మీద కాలేసుకుని. ప్రొఫెసర్ ఏదో లెక్క చెబుతూ చెయ్యి చాచాడు. మణికట్టు మీద బంగారు వాచ్ నిచ్చెన మీదికి స్పష్టంగా కనబడింది.

గోడగడియారంలో మూడూ యాభై. ప్రొఫెసర్ చేతికి మూడూ యాభై ఏడు.

ముల్లు కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. బాబాయి చేతిలో తలంటు పడిన గడియారం రోజుకి నాలుగు సెకన్లు తప్పితే గొప్ప. పొద్దుటినుంచీ ఏడు నిమిషాలు ఫాస్టా? వెంటనే తట్టింది. బాబాయి ఇత్తడి ట్వీజర్లే వాడతాడు. ఇనుప పనిముట్టుకి అయస్కాంతం పట్టి ఉంటే, లోపలి వెంట్రుకలాంటి స్ప్రింగుకీ అది అంటుకుంటుందని. అంటుకుంటే చుట్టలు ఒకదానికొకటి కరుచుకుని గడియారం పరుగెడుతుంది. క్యాప్సూల్ పెట్టిన దరిద్రుడు ఇనుప ట్వీజర్లతో చేసిపోయాడు. వాడికి అంత కూడా తెలీదు. పని రానివాడు పని వచ్చినవాణ్ణి చంపాడు.

అలారం నాలుగింటికి కాదు. మూడూ యాభై మూడుకి. పెద్దాయనకి తెలీదు. మైనాకీ తెలీదు.

"సార్, వాచ్ ఏడు నిమిషాలు ముందుంది. ఇప్పుడే దిగుతున్నా."

"ఆగు. చెక్ చెయ్యనీ."

చెక్ చేసేదాకా ఆగితే చెయ్యడానికి ఎవరూ మిగలరు. ముల్లు నిచ్చెన మీంచి దూకాడు. గోడ మీద మూడూ యాభై ఒకటి.

"ఎవరయ్యా నువ్వు? చెయ్యి వదులు," అన్నాడు ప్రొఫెసర్.

"తర్వాత తిట్టండి సార్." స్ట్రాప్ లాగి వాచ్ ఊడదీశాడు. ఆపడానికి కీ పైకి లాగాడు. కీ ఊడి చేతిలోకి వచ్చింది. లోపలి కడ్డీ ముందే కోసేశారు. ముల్లుకి చెమటలు పట్టాయి.

వాచ్ పైకెత్తి గది మొత్తానికి వినబడేలా అన్నాడు. "ఇందులో నాలుగింటికి అలారం ఉంది. ఇప్పుడు దీంట్లో మూడూ యాభై తొమ్మిది."

ఏడుగురు సైంటిస్టులు తెల్లమొహాలు వేసుకుని చూశారు. అలారం అయితే ఏమిటట అన్నట్టు. ఒక్క మైనా మాత్రం గోడ వైపు చూసింది, వాచ్ వైపు చూసింది. ఆమె మొహంలో నెత్తురు ఇంకిపోయింది. కుర్చీ వెనక్కి పడిపోయింది. ముత్యాల పోగొకటి ఎక్కడో రాలింది. తలుపు దాకా పరుగెత్తి, తెరిచి, గార్డు చేతుల్లో పడింది.

"వదలండి, చచ్చిపోతాం," అని అరిచింది. ఆధారం కావాలన్నాడు కదా పెద్దాయన. మైక్‌లోంచి వినే ఉంటాడు.

రబ్బరు బంతి వెనక మూతకి అదిమి తిప్పాడు ముల్లు. కదల్లేదు. ఆ మొరటు చేతులు విరగబిగించి పోయాయి. చొక్కా అంచుతో చెమట తుడిచి, మళ్లీ బలమంతా పెట్టి తిప్పాడు. మూత లొంగింది. లోపల సుత్తి పక్కనే బియ్యపు గింజంత గాజు క్యాప్సూల్. చుట్టూ స్క్రూల తలలన్నీ గీరుకుపోయి ఉన్నాయి. అలారం ముందు వచ్చే చిన్న టక్ అనే చప్పుడు అప్పుడే వినబడింది. ఊపిరి బిగబట్టి కాగితం ముక్క, గడియారాన్ని నడిపే బ్యాలెన్స్ చక్రం కిందికి దూర్చాడు. చక్రం ఒక్కసారి వణికి ఆగిపోయింది.

సుత్తి లేవలేదు.

చేతిలో మిగిలిన మూత లోపలి వైపు తిప్పి చూశాడు. సర్వీసింగ్ చేసిన ప్రతిసారీ బాబాయి సూదితో గీసే బుల్లి తేదీలు వరసగా ఉన్నాయి. చివరిది నిన్నటిది. అందరి ముందూ ముల్లుకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

పెద్దాయన పది నిమిషాల్లో దిగాడు. సైంటిస్టులందరికీ షేక్‌హ్యాండ్‌లిచ్చాడు. తర్వాత ముల్లుని పక్కకి పిలిచాడు.

"ముందు ఆ డాక్టరు కాగితంలో గుండెపోటు కొట్టేసి హత్య అని రాయించండి," అన్నాడు ముల్లు, ఆయన నోరు తెరవకముందే. "మా పిన్ని చూడాలి."

"రాయిస్తాను. నీ గురించి కూడా రాయాలి. మూడూ యాభై ఎనిమిదికి ముందు కదలొద్దన్నాను. యాభై ఒకటికి దూకావు. ఆర్డర్ మీరి ఏడు నిమిషాలు ముందు. ఎందుకని రాయమంటావ్?"

ముల్లు బల్ల వైపు చూపించాడు.

"వాళ్లు ఏడుగురు సార్. మనిషికో నిమిషం అని రాసుకోండి."