తోమిన ఇరవై పైసలు

"మజ్జిగ తాగారు, చిల్లర ఇచ్చాను. ఇంకా ఏం వెతుకుతున్నారండీ గుమాస్తాగారూ? వెనక లైను ఆగిపోయింది!" అంది ఎస్తేరు.

గుంటూరు మిరప యార్డు గేటు పక్కన వాళ్లమ్మ ఎలీసమ్మది మజ్జిగ బండి. ఘాటుకి తుమ్ముకుంటూ వచ్చేవాళ్లందరికీ అదే దిక్కు. కాటా గుమాస్తా మార్కు మాత్రం తుమ్ముతూనే చిల్లరని అరచేతిలో తిప్పి తిప్పి చూస్తాడు.

ఆ రోజు అతని తుమ్ము సగంలో ఆగిపోయింది.

"ఇదెవరిచ్చారు?"

ఇరవై పైసల బిళ్ల. తామరపువ్వు, 'ఫుడ్ ఫర్ ఆల్' అన్న అక్షరాలు. 1970లో ప్రత్యేకంగా వేసిన రకం. ఇత్తడిలా ఉండాల్సింది, అంచున నీలం, లోపలికి వంగపండు రంగు, పువ్వు మీద గులాబీ.

"పీరు మామ. పైరుకి గంధకం చల్లే సంచిలోనే చిల్లర దాచుకుంటాడు. చెల్లదంటే మార్చేస్తాలెండి."

"వద్దొద్దు!" అతను దాన్ని ఎండకి పట్టి చూశాడు. కాల్చి తెప్పించిన రంగు కాదు, అని తనలో తనే గొణుక్కున్నాడు. "ఆదివారం గుడి అయ్యాక, అరండల్‌పేటలో నాణేలు కొనే పెద్దాయనకి చూపిద్దాం. రెండొందలు రావచ్చు. మీ బిళ్ల, మీ దగ్గరే ఉంచండి."

"ఇరవై పైసలకి రెండొందలా? ఎండ బాగా తగిలినట్టుంది మీకు."

"సోమవారం నుంచి తగలదులెండి. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చింది."

ఎస్తేరు చేతిలో గరిటె కుండకి టంగుమని తగిలింది.

ఆదివారం గుడి మెట్ల దగ్గర ఆమె పిడికిలి విప్పింది. బిళ్ల కొత్త బిందెలా ధగధగలాడుతోంది.

మార్కు ముఖంలో వెలుగంతా ఆ బిళ్ల లాగేసుకున్నట్టయింది. "తోమారా?"

"చింతపండుతో! కానుక సంచిలో వేసే డబ్బులు శనివారం తోమడం మా ఇంట్లో అలవాటు. పెద్దాయన ముందు మకిలిగా ఉండకూడదని దీన్ని రెండుసార్లు తోమా."

"ఆ రంగేనండీ దాని ఖరీదు."

"ఇప్పుడెంత?"

"ఇరవై పైసలు."

అంతే. తల వంచుకుని వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున అకాల వాన. యార్డులో టార్పాలిన్లు కప్పే హడావిడి. ఎస్తేరు కడిగిన గ్లాసే కడుగుతోంది.

"బస్సు కదిలాక చెప్పే మాట ఎవరికీ వినపడదే" అంది ఎలీసమ్మ. "మీ నాన్నకి చెప్పాలనుకున్నవి ఇంకా నా దగ్గరే ఉన్నాయి. వెళ్లు. మజ్జిగ నేను పోస్తా."

దాచేపల్లి బస్సు కిటికీలన్నీ వానకి మూసి ఉన్నాయి. ఎస్తేరు వరసగా బాదుకుంటూ వచ్చింది. నాలుగో కిటికీలోంచి మార్కు తల బయటికొచ్చింది.

"అంత కోపమైతే తిట్టొచ్చుగా!" అంది ఎస్తేరు.

"కోపం కాదండీ, సిగ్గు. రంగు సంగతి ముందే చెప్పకపోవడం నా తప్పు. అయినా ఆ బిళ్ల వంకతో మిమ్మల్ని అరండల్‌పేట దాకా తీసుకెళ్దామనుకున్నా. వంక పోయాక ఏమని పిలవాలో తోచలేదు."

ఎస్తేరు వాననీళ్లతో పాటు నవ్వుని కూడా తుడుచుకుని, అగ్గిపెట్టె తెరిచి చూపించింది. పసుపుపచ్చని గంధకంలో బిళ్ల పడుకుని ఉంది.

"పీరు మామనడిగి తెచ్చా. రంగు రావడానికి ఎన్నాళ్లు?"

"ఏడాది పట్టొచ్చు. కానీ కావాలని తెప్పించింది దొంగ రంగు. ఎవరూ కొనరు."

"అమ్ముతానన్నానా?"

కండక్టరు విజిలేశాడు. మార్కు కంగారుగా, "వారం వారం తీసి చూడాలి. ఎక్కువైతే నల్లబడుతుంది" అన్నాడు.

"చూడటం నాకేం తెలుసు? మీకే తెలుసు. పెట్టె మజ్జిగ బండి మీదే ఉంటుంది."

బస్సు కదిలింది.

"శనివారం వస్తా! ఈలోపు దాన్ని..."

"తోమనులెండి!" అని అరిచింది ఎస్తేరు.

బస్సు కదిలాక చెప్పిన మాటే. వానలో, ఇంజను రొదలో కూడా అతనికి స్పష్టంగా వినపడింది.