ఎవరో తీసిన కొండలు

ఎనిమిదిన్నర దాటింది. ఫోటో రాలేదు! యమున అరచేతిలో ఫోను చెమటకు తడిసిపోయింది. మొగుడు తిరుమలరావు నంబరుకి చేస్తే ఒకామె అర్థంకాని భాషలో ఏదో చెబుతోంది, చెప్పడం అవగానే లైను తెగిపోతోంది. వాకిట్లో నిన్న రాలిన ఆకులు అలాగే పడి ఉన్నాయి. చీపురు గోడవార ఆనించి ఉంది. దానివంక చూస్తుంటేనే ఆమెకు గుండె పీచుపీచుమంటోంది...

చీపురు చూసి భయమేమిటంటారా? సాలూరులో ఆ లారీల వీధి ఆడవాళ్లకు ఒక పట్టింపు ఉంది. మగవాడు బండెక్కి వెళ్లాక, ఏ రోజుకారోజు క్షేమంగా ఉన్నానని కబురు రావాలి. వస్తేనే ఇల్లు ఊడుస్తారు, ముగ్గేస్తారు. రాకపోతే చీపురు ముట్టరు. ఎవరి వాకిలి మాసి ఉందో ఆ ఇంటివాడి జాడ తెలియలేదని వీధి వీధంతా ఇట్టే పోల్చుకుంటుంది. అటువైపు బండి తోలుకెళ్లే మగవాళ్లు ఎవరూ అడక్కుండానే దారంతా వెతుక్కుంటూ వెళ్తారు. పెద్దలు ఊరికే పెట్టలేదు ఆ పట్టింపు!

తిరుమలరావు పంపేది మాత్రం ఒట్టి కబురు కాదు, ఫోటో. ఆ మనిషికి అదో పిచ్చి! ఘాటీ రోడ్డు ఎక్కుతుంటే కొండ మీదికి మబ్బు దిగిందా, బండి పక్కకు తీస్తాడు. రాష్ట్రం సరిహద్దు అవతల జైపూరు దాటాక నేషనల్ పార్కు అడవి వస్తుంది. అక్కడైతే నెమలి కనబడినా ఆపడమే, దుప్పి కనబడినా ఆపడమే. దూరదేశాల నుంచి వచ్చినవాళ్లు మూరెడు కెమెరాలు పట్టుకుని నిలబడితే, వాళ్ల పక్కనే నిలబడి ఈయన ఫోనుతో తీస్తాడట. అదంతా కన్నతల్లి సుభద్రమ్మ కోసం. ఆవిడ పెనిమిటి కూడా ఇరవై ఏళ్లు ఆ దారినే లారీ తోలి తోలి పోయాడు. ఆ కొండలు ఎలా ఉంటాయని అడిగితే, కొండల్లాగే ఉంటాయని చెప్పి అటు తిరిగి పడుకునేవాడట! తండ్రి చూపించనివి కొడుకు చూపిస్తున్నాడని ఆవిడ మురిసిపోతుంది. పొద్దున్నే కొడుకు ఫోటో కోడలి ఫోనుకి రావడం, అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చూడడం, ఆ తర్వాత కోడలు చీపురు అందుకోవడం... ఆరేళ్లుగా అదే పద్ధతి.

ఆదివారం వెళ్లాడు. సోమవారం ఆరూ నలభైకి ఒక ఫోటో వచ్చింది. జంట కొండలు, వాటి సందులోంచి జారే నీటిపాయ, తడిసిన ఎర్రమట్టి దారి. అంతే! ఇవాళ మంగళవారం. యమున ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి ఫోను చేస్తే గుమస్తా ధనరాజు, వానలు కదమ్మా, అడవిలో టవర్లు ఉండవు, కంగారు పడకు, నేను కూడా కనుక్కుంటాను అన్నాడు.

పోనీ ఆ మాటే అత్తగారితో చెబుదామా అంటే, నోరు పెగిలితేగా! సుభద్రమ్మకు నెల కిందటే విశాఖపట్నంలో గుండెకు స్టెంటు వేశారు. ఈవిడకు బెంగ కలిగే మాట చెవిన పడకూడదని డాక్టరు యమునను పక్కకు పిలిచి మరీ హెచ్చరించాడు. అత్తగారంటే యమునకు సొంత మేనత్త. తల్లి లేని పిల్లను ఎనిమిదో ఏట ఇంటికి తెచ్చుకుని, జడ వేసి, అన్నం పెట్టి, చివరికి తన కొడుక్కే చేసుకున్న మనిషి. ఆ గుండె ఆగిపోతే... అటు మొగుడి జాడ తెలియక, ఇటు అత్త ప్రాణం మీదికి వస్తే తనేమైపోవాలి!

ఏం చేయాలో తోచక యమున ఫోనులో ఆ అడవి పేరు కొట్టింది. అక్కడ దారులు ఎలా ఉంటాయో, లోయలు ఎంత లోతో చూద్దామని. ఎవరెవరో యాత్రికులు తీసిన ఫోటోలు బారులు తీరాయి. నీలం కొండలు, పొగమంచు, చెరువు గట్టున నీళ్లు తాగుతున్న జింకల గుంపు. ఆ జింకల వంకే ఆమె వెర్రిదానిలా చూస్తూ ఉండిపోయింది. వెనకనుంచి అత్తగారు ఎప్పుడు వచ్చిందో వచ్చింది.

"వచ్చినాదేటే?"

లేదు అనాలి. ఒక్క మాట! యమున ఫోను అలాగే పట్టుకుని నిలబడింది. అవునని అనలేదు, కాదనీ అనలేదు. సుభద్రమ్మ ఫోను తీసుకుని, కళ్లజోడు సవరించుకుని, జింకలను చాలాసేపు చూసింది. చూసి, మరింకేటి, ఊడు అంది.

ఊడ్చింది! ఊడ్చిన ప్రతి ఆకుతోనూ మొగుడి ఆయుష్షునే ఊడ్చేస్తున్నట్టు లోపల్లోపల కుమిలిపోతూ ఊడ్చింది. ముగ్గు గీత వంకరపోయింది. ఇంట్లోకి వచ్చి దేవుడి పటం ముందు కూలబడి, తప్పు నాది, శిక్ష నాకే వెయ్యి తండ్రీ, ఆయన జోలికి పోకు అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఒకసారి చెప్పిన అబద్ధం ఒక్కదానితో ఊరుకుంటుందా! బుధవారం పొద్దున మళ్లీ వెతకాల్సి వచ్చింది. మంచు కొండలు పనికిరావు. టోపీలు పెట్టుకుని జీపుల్లో ఊరేగే జనం పనికిరారు. గడ్డిలోంచి చూస్తున్న పెద్దపులి ఫోటో ఒకటి వచ్చేసరికి యమున కెవ్వుమనబోయి నోరు మూసుకుంది. ఆ పులి ఏ గడ్డిలో ఉంది? ఆయన ఏ గడ్డిలో ఉన్నాడు? చివరికి కొండ మీద పొద్దుపొడుపు ఒకటి దొరికింది. అత్తగారు దాన్ని చూసి, ఈ మధ్య బాగా తీస్తన్నాడే మీ బావ అంది. యమున ఫోను గబుక్కున వెనక్కి తీసుకుంది. ఏం జవాబు చెప్పిందో తనకే గుర్తులేదు. ఆ రోజంతా అత్తగారు అన్నం కెలికి వదిలేసింది. మందు వేడి చేసిందేమోననుకుంది వెర్రి యమున.

గురువారానికి ఇక తట్టుకోలేకపోయింది. కూరగాయలకని చెప్పి నేరుగా ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి పరిగెత్తింది. మూడు రోజులైంది, మనిషినెవరినైనా పంపండని ధనరాజు ముందు చేతులు జోడించింది. అతను విస్తుపోయి చూశాడు. చూసి, కొంచెం విసుగ్గానే చెప్పాడు. మంగళవారమే తను ఈశ్వర్‌కు చెప్పాడట, తిరుమల ఫోను తగలడం లేదు, నువ్వు ఆ దారినే వెళ్లి అడవి గాలించు అని. ఈశ్వర్ తిరుమలరావుకు చిన్నప్పటి స్నేహితుడు, సరేనని బండి తీశాడు. వెళ్తూ వెళ్తూ వీధిలో చూస్తే యమున వాళ్ల వాకిలి శుభ్రంగా ఊడ్చి ముగ్గేసి ఉంది! అరుగు మీద కూర్చున్న సుభద్రమ్మను అడిగితే, జింకల ఫోటో వచ్చినాది నాయినా అని చెప్పింది. ఇంకేముంది, ఈశ్వర్ వెనక్కి వచ్చి రాజాం ధాన్యం లోడు ఎత్తుకుని వెళ్లిపోయాడు. అతని వెంట వెళ్దామనుకున్న ఇంకో ఇద్దరు డ్రైవర్లూ మానుకున్నారు.

"మీ అత్త వచ్చినాదంటాది, నువ్వు రాలేదంటావు. ఎవుల మాట నమ్మాలి తల్లీ?" అన్నాడు ధనరాజు.

యమున జోడించిన చేతులు దించేసింది. వెతకడానికి బయలుదేరిన మనిషిని తన చేత్తో తనే వెనక్కి తిప్పేసింది. తను ఊడ్చిన వాకిలే ఆయనకు అడ్డుపడింది. అత్తగారి గుండె నిలబెట్టాలని ఆడిన అబద్ధం, కట్టుకున్నవాడిని అడవిలో వదిలేసింది... రెండు రోజులు! రెండు రోజులు ఆయన ఏ గోతిలో పడి, ఎవరొస్తారని ఎదురు చూశాడో!

ఇంటికి ఎలా చేరిందో తెలియదు. అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తగారి కాళ్ల మీద పడిపోయింది.

"అత్తా, ఆ ఫోటోలు బావ పంపినవి కావు. ఎవులో తీసినవి. నాను మోసం సేసినాను..."

అనేసి, గుండె పట్టుకుని పడిపోతుందేమోనని ఆవిడ ముఖంలోకి చూసింది. కొంగున ముడేసుకున్న, నాలుక కింద పెట్టే మాత్ర కూడా చేతిలో సిద్ధంగా ఉంది. సుభద్రమ్మ పడిపోలేదు. అరవలేదు. ఒళ్లోని చిక్కుడుకాయలు కింద పెట్టింది. మాత్ర ఉన్న చేతిని పక్కకు తోసేసింది.

"నా గుండెకేటీ కాదు గానీ, బేగి ఆ సోమారం ఫోటో తియ్యి. ఈశ్వర్‌కి ఫోన్ సెయ్యి."

ఈశ్వర్ రాజాంలో మిల్లు దగ్గర రెండు రోజులు కాచుకుని, లోడు దింపి తిరిగి వస్తున్నాడు. గంటలో వచ్చాడు. జంట కొండల ఫోటో చూడగానే అతని మొహం మారిపోయింది. ఇది మెయిన్ రోడ్డు కాదు, కొండచరియలు విరిగి రోడ్డు మూసేసినప్పుడు లారీలు దొంగతనంగా దూరే పార్కు లోపలి దారి అన్నాడు. అక్కడ మలుపులన్నీ లోయ అంచునే. మంచినీళ్లు కూడా తాగకుండా నలుగురిని ఎక్కించుకుని వెళ్లిపోయాడు. ఆ పగలంతా అత్తాకోడళ్లు అరుగు మీదనే కూర్చున్నారు. ఫోను ఇద్దరి మధ్యా ఉంది. అది మోగాలని ఒక భయం, మోగితే ఏం వినాల్సి వస్తుందోనని ఇంకొక భయం! ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

దీపాలు పెట్టే వేళకు మోగింది. ఉన్నాడు... ప్రాణంతో ఉన్నాడు!

లోయలో చెట్లకు తట్టుకుని బండి పక్కకు ఒరిగి ఉందట. మలుపులో దుప్పి అడ్డమొస్తే తప్పించబోయి తిరుమలరావు అదుపు తప్పాడు. ఫోను ఎక్కడికో ఎగిరిపోయింది. ఎడమకాలు నలిగిన ఇనుము కింద ఇరుక్కుపోయింది. టార్పాలిన్ మడతలోంచి కారే వాననీళ్లు నోటితో అందుకుని మూడు పగళ్లు బతికాడు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తెచ్చారు. ప్రాణం దక్కింది గానీ, మోకాలి కిందకు కాలు తీసేయక తప్పలేదు. కుర్ర డాక్టరు, పాపం తెలియక, వరండాలో అందరి ముందూ అనేశాడు, రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే కాలు ఉండేదని. యమున గోడవైపు తిరిగి కొంగు మొహాన కప్పుకుంది.

తిరుమలరావుకు పూర్తిగా తెలివి వచ్చిన రోజున తల్లి తలవైపు, భార్య కాళ్లవైపు కూర్చున్నారు. ఖాళీగా ఉన్న దుప్పటి వంక చూడకుండా ఉండడానికి యమున కిటికీ వంక చూస్తోంది. అతను నీరసంగా, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అడిగాడు.

"అమ్మా, మనోళ్లెవులూ రాలేదేటే? పైన బండ్ల మోత ఇనబడతానే ఉన్నాది. ఈశ్వర్ వస్తాడు, ఈశ్వర్ వస్తాడు అనుకుంటా ఉన్నాను."

యమున నోరు తెరిచేలోపు సుభద్రమ్మ అందుకుంది. ఈశ్వర్ బయలుదేరాడని, తనే ఆపేసిందని, ఫోటో వచ్చిందని తనే చెప్పిందని, కళ్లు సరిగా కనబడని ముసలిదాన్ని, పాత ఫోటో చూసి కొత్తదనుకున్నానని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. మంచం చాటునుంచి ఆవిడ చేయి కోడలికి సైగ చేస్తోంది, నువ్వు మాట్లాడకు అని! ఊరుకుంటే గండం గడిచిపోయేది. మొగుడు తల్లిని ఏమంటాడు? జీవితాంతం నిశ్చింతగా బతకవచ్చు. కానీ యమున కళ్ల ముందు ఆ టార్పాలిన్, ఆ నీళ్లు, ఆ ఎదురుచూపు... ఆమె వల్ల కాలేదు.

"అత్త అబద్దమాడతంది బావా. పాతవీ కావు, నీవీ కావు. నానే సూపించినాను. నానే ఇల్లూడ్సినాను. నీ కాలు పోనాదంటే అది నావల్లే."

తన ఫోను తీసి అతని చేతిలో పెట్టి, తల దించుకుంది. కొడతాడా, పొమ్మంటాడా! ఏమన్నా పడదామనుకుంది. తిరుమలరావు జింకలను చూశాడు. పొద్దుపొడుపును చూశాడు. ఒక్కొక్కటీ దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, ఆ పని తెలిసినవాడు చూసినట్టు చూశాడు. తర్వాత తల తల్లివైపు తిప్పాడు.

"నా ఫోన్ కెమెరాకి గీత పడి ఆర్నెల్లయింది. నాను తీసిన ప్రతి ఫోటోకీ కుడిపక్కన మసక ఉంటాది. వానాకాలంలో కూడా పొగమంచేటని నువ్వే నవ్వేదానివి. ఈటిల్లో మసకేదమ్మా?"

సుభద్రమ్మ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"మొదటి రోజే సూసినాన్రా," అంది చివరికి. "మసక లేదని తెలిసినాది. నీది కాదని తెలిసినాది. ఆ పిల్లకి సెప్తే బెంగతో మంచం పడతాదని ఒకటి... ఇంకోటేటంటే, నమ్మాలనిపించినాది. నమ్మీసినాను. ఈశ్వర్ వచ్చి అడిగితే ఆడికి కూడా అదే సెప్పినాను. లేదంటే నువ్వు లేవని నా నోటితో నానే అన్నట్టుంటాదని బయమేసినాదిరా."

యమునకు అప్పుడు అంతా అర్థమైంది. అత్త తనను కాపాడుకుంటూ, తను అత్తను కాపాడుకుంటూ, మధ్యలో ఆ మనిషిని ఇద్దరూ కలిసి అడవిలో వదిలేశారన్నమాట! లేచి వెళ్లి అత్తగారి ఒళ్లో తల పెట్టుకుంది, ఎనిమిదేళ్ల పిల్లలా. సుభద్రమ్మ ఆ తల మీద చేయి వేసి కళ్లు మూసుకుంది. ఇద్దరూ ఏడవడానికి కూడా భయపడుతున్నట్టు, చప్పుడు లేకుండా ఏడిచారు.

తిరుమలరావు వాళ్లను చూస్తూ ఉండిపోయాడు. తిట్టడానికి అతనికి నోరు రాలేదు, ఓదార్చడానికి ఒంట్లో ఓపిక లేదు. ఆఖరికి దాహంగా ఉందన్నాడు. అత్తా కోడలూ ఒకేసారి లేచారు.