మూతబడ్డ షెడ్డులో సింధు నాయిన

కొత్తవాడలో తివాచీలు నేసే షెడ్డొకటి ఉంది. మూతబడి చాలా ఏళ్లయింది. పగలంతా దాని అరుగు మీద పేకాడే మొనగాళ్లే, పొద్దుగూకితే చాలు, చెప్పులు చేతబట్టుకుని చప్పుడు కాకుండా ఆ గల్లీ దాటుతారు.

ఎందుకంటే... రాత్రిపూట లోపల పంజా దెబ్బ వినబడుతుందట. పంజా అంటే, నేసిన పోగును గట్టిగా దిగ్గొట్టే ఇనుప దువ్వెన. ధబ్... ధబ్... నేసే మనిషి లేడు. మగ్గం మీద పోగు లేదు. దెబ్బ మాత్రం పడుతూనే ఉంటుంది.

ఆ సంగతి వినగానే అందరూ వణికారు. సింధు ఒక్కతే సంబరపడింది.

పదేళ్ల పిల్ల. తల్లి కన్నుమూసినప్పటి నుంచి అమ్మమ్మ యాకమ్మ దగ్గరే పెరుగుతోంది. నాయిన ఎవరంటే యాకమ్మ చెప్పదు. "అన్నం తిను" అంటుంది. గట్టిగా అడిగితే "ఇంకింత పెట్టుకో" అంటుంది. ఆ ఒక్క ప్రశ్న అడిగి అడిగే సింధు బొద్దుగా తయారైందని స్నేహితురాలు నవ్య ఎగతాళి.

మొన్న మాత్రం ముసలామె నోరు జారింది. "మీ నాయిన గా షెడ్డులనే నేసేటోడు..." అని, వెంటనే నాలుక కరుచుకుంది.

ఇంకేం కావాలి? ఆ పంజా కొట్టేది ఎవరో సింధుకు తేలిపోయింది.

"దెయ్యమైతే ఏందే, నాయినే గద" అంది నవ్యతో.

"ముందుగాల కాళ్లు చూడు. ఎనక్కి తిరిగి ఉంటే దెయ్యం. సక్కగుంటే దొంగ. దొంగైతే ఉరుకు."

"దెయ్యమైతే?"

"అప్పుడు నేను ఉరుకుత."

అన్నట్టుగానే ఆ రాత్రి నవ్య గల్లీ మొదట్లో కరెంటు స్తంభం దగ్గరే ఆగిపోయింది, ఇంటివైపు తిరిగి. తన టార్చి మాత్రం సింధు చేతిలో పెట్టింది.

సింధు ఒంటరిగా తలుపు నెట్టింది. తలుపు మూలిగింది.

లోపల చీకటి... బూజు వాసన... పంజా దెబ్బ లేదు. దాని బదులు ఇంకేదో చప్పుడు.

కర్... కర్... కరకర...

ఎవరో ఎముకలు నములుతున్నట్టు.

కిటికీలోంచి పడే సన్నటి వెన్నెల్లో, మగ్గం ముందు తెల్లగా ఒక ఆకారం... కూర్చుని ఉంది. సింధు ఒక్కడుగు వెనక్కి వేసింది. అయినా నవ్య చెప్పింది మరిచిపోలేదు. కాళ్ల కోసం చూసింది.

కాళ్లు లేవు.

గుంటమగ్గం మరి. దాని ముందు కూర్చున్నవాడు కాళ్లు గుంటలోకి దించుకుంటాడు. అన్నీ తెలిసిన నవ్యకు ఈ ఒక్కటీ తెలియలేదు.

"జర... కాళ్లు పైకి పెడ్తవా?" సింధు గుసగుసలాడింది.

నమలడం ఆగింది.

"కా... కాళ్లెందుకు?" అంది ఆకారం.

"సరే, వద్దులే. ఒక్కటి చెప్పు. నువ్వు... మా నాయినవా?"

ఏదో ఠంగున కింద పడింది. తర్వాత —

"అవును తల్లీ. అవును. నాయిన్నే. తాతనంటే తాతనే. నువ్వేదంటే అది. నన్ను తినకు."

సింధు టార్చి వేసింది.

కిరాణా దుకాణం సారంగపాణి. బనీను, తెల్ల లుంగీ, ఒళ్లో సకినాల డబ్బా, మీసాలకు నువ్వులు. నూనె వంటలు ముట్టొద్దని దవాఖానలో చెప్పినప్పటి నుంచి వదిన బక్కమ్మ డబ్బాలన్నీ తాళంలో పెట్టింది. పెళ్లీ పెటాకులూ లేని మనిషి, ఎవరూ రాని చోటు వెతుక్కుని మరీ వచ్చాడు.

"యాకమ్మ మనుమరాలివి గదనే నువ్వు."

"నువ్వు నాయిన్నన్నవు గద."

"భయానికి అన్న, బిడ్డా."

"భయానికి అన్నా మాట మాటే, పాణి కాకా. కాదంటే బక్కమ్మ పెద్దమ్మను అడుగుదాం పా."

సారంగపాణికి సకినం గొంతులో అడ్డం పడింది.

"శనివారం స్కూల్ల నాయినలను పిలిచిన్రు" సింధు గొంతు ఒక్కసారిగా చిన్నదైంది. "నువ్వేం మాట్లాడకు. ఎనుక కూసో. చాలు."

అతను పిల్ల ముఖం వంక చూశాడు. డబ్బా ముందుకు జరిపాడు. "తిను. వస్త తీ. అంగీ ఇస్త్రీ చేపిచ్చుకొని వస్త."

సింధుకు కాళ్లు నేల మీద ఆగలేదు. అతని చిటికెనవేలు పట్టుకుని గుమ్మం దాకా గంతులేసింది.

"అయితే కాకా, రోజూ పంజా కొట్టి అందర్ని బెదిరిచ్చేది నువ్వేనా?"

"పంజానా? నేనెందుకు కొడ్త? నేను ఇయ్యాల్నే మొదటిసారి వచ్చి..."

మాట పూర్తి కాలేదు.

ధబ్.

వెనక, గుంటలోంచి... ఊపిరంత సన్నగా...

"ఆయన కాదు... బిడ్డా."

సారంగపాణి లుంగీ ఎగ్గట్టి దూకాడు. గల్లీ పొడవునా సకినాలు చెల్లాచెదురయ్యాయి. నవ్య అంతకుముందే పరుగు లంకించుకుంది. అయినా ఇల్లు చేరేలోపే అతను ఆమెను మించిపోయాడు.

సింధు కదల్లేదు. టార్చి ఆర్పేసింది. మెల్లగా వెనక్కి తిరిగింది.

"మరి... నువ్వా?"

చీకట్లో ఎవరో గొంతు సవరించుకున్నారు... ఏళ్లకేళ్లు ఎవరూ పలకరించని మనిషి, మాట్లాడబోయే ముందు సవరించుకున్నట్టు.