ఉప్పు భూతం అడిగిన గుక్కెడు నీళ్ళు

ఎడారిలో ఊరేమిటి, ఊళ్ళో ఊటేమిటి అని మీరు అడుగుతారని నాకు తెలుసు. అడగండి, కానీ ముందు వినండి. ఉత్తర ఆఫ్రికాలో, ఏ దిక్కు చూసినా ఇసుక తిన్నెలే కనిపించే చోట, తఫ్రీత్ అనే ఒయాసిస్సు పట్నం ఉండేది. నడిబొడ్డున తియ్యని నీటి ఊట, దాని చుట్టూ ఖర్జూర తోటలు, తోటల నడుమ సున్నం కొట్టిన తెల్లటి మిద్దెలు. ఎండ సోకకుండా వీధులన్నిటికీ పైకప్పు వేసేశారు. మగవాళ్ళు ఆ చీకటి వీధుల్లో నడిచేవారు. ఆడవాళ్ళు మాత్రం ఈ మిద్దె మీంచి ఆ మిద్దె మీదికి దాటుకుంటూ ఊరంతా చుట్టబెట్టేవారు. కింద వాళ్ళకో ఊరు, పైన వీళ్ళకో ఊరు అన్నమాట.

ఆ మిద్దెల మీద అందరికంటే వేగంగా పరిగెత్తే పిల్ల తిజిరి. నోరు పెద్దది, భయం చిన్నది. వాళ్ళ నాన్న ఇద్దర్ ఆ ఊరి నీరటి. ఊట నీళ్ళు ఏ తోటకు ఎప్పుడు వదలాలో చూసేది ఆయనే. అడుగున చిల్లి ఉన్న కుండను నీళ్ళతో నింపి వేలాడదీస్తాడు. అది ఖాళీ అయ్యేదాకా ఒక తోట వంతు, మళ్ళీ నింపితే మరో తోట వంతు. రాజుగారు వచ్చి అడిగినా వంతు తప్పించడు. నీరటి అంటే ఇలా ఉండాలని ఊరంతా మెచ్చుకునేది. ఆ మెచ్చుకోలే చివరికి కొంప ముంచింది.

ఒక మధ్యాహ్నం ఉప్పు సరస్సు వైపు నుంచి పొడవాటి మనిషి ఒకడు వచ్చాడు. పెదాలు పగిలిపోయాయి, ఒంటి మీద తెల్లటి ఉప్పు పెచ్చులు కట్టింది. "అయ్యా, ఒక్క గుక్క" అంటూ దోసిలి పట్టాడు.

ఇద్దర్ కుండ వైపు చూశాడు. "ఇప్పుడు వంతు మూసా గారి తోటది. ఈ ఊళ్ళో నీకు వంతు లేదు నాయనా" అన్నాడు. పక్క మిద్దె అంచున బోర్లా పడుకుని తిజిరి ఇదంతా చూస్తూనే ఉంది.

"వంతు లేదా? అయితే ఇక అంతా నా వంతే!"

ఆ గొంతుకు గోడల సున్నం రాలింది. వచ్చినవాడు మనిషి కాదు, ఉప్పు భూతం! చూస్తూండగానే ఖర్జూరం చెట్టంత పెరిగింది. ఊటకు నోరు పెట్టి ఒక్క పీల్పున అడుగంటా తాగేసింది. తర్వాత కోపంగా చుట్టూ చూస్తే, ఆ చూపు పడ్డ మగవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఉప్పు బొమ్మలైపోయారు. తూము తలుపు పట్టుకుని నిలబడ్డ ఇద్దర్ కూడా అంతే. ఊట మీదికి వంగిన భూతం మెడ ఉప్పుతో అలాగే బిగుసుకుపోయింది కాబట్టి తల పైకెత్తలేకపోయింది. అందుకే మిద్దెల మీది ఆడవాళ్ళు బతికిపోయారు.

వాళ్ళు గుండెలు బాదుకున్నారు. నీళ్ళు లేకపోతే తోటలు ఎండిపోతాయి. పోనీ నీళ్ళు వచ్చినా, కాలవలో నిలబడ్డ ఉప్పు మనుషులు కరిగిపోతారు! ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏడిస్తే ఏమొస్తుందత్తా, ఇంకాస్త ఉప్పు తప్ప?" అని తిజిరి తోలు తిత్తి భుజాన వేసుకుంది. తన కళ్ళూ తడిగానే ఉన్నాయి, అది వేరే సంగతి.

తిత్తిలో ఇంట్లో మిగిలిన నీళ్ళన్నీ పోసి మేనత్త చెప్పింది: "ఉప్పు సరస్సు దాటితే పాడుబడ్డ రాతి నగరం వస్తుంది. అదీ దాటితే కొండ మీద నీలి తలుపుల ఊరు. అక్కడ తొలిబావిని కాసే ఫకీరవ్వకు దీని విరుగుడు తెలుసంటారు. త్వరగా రావాలి తల్లీ. ఇసుక గాలి లేచిందంటే ఉప్పు బొమ్మలు అరిగిపోతాయి."

తిజిరి సరస్సులో అడుగుపెట్టింది. నీటి చుక్క లేదు, కళ్ళు చెదిరే తెలుపు. నడుస్తుంటే ఎదురుగా బంగారు మేడలు లేచాయి, నీటి ధారలు చిమ్మాయి. వాటి ముందు నిలబడి వాళ్ళ నాన్న చేతులు చాపాడు. "నా బంగారు తల్లీ, ఇలా రామ్మా!"

తిజిరి గుండె ఎగిరిపడింది. రెండడుగులు పరిగెత్తి టక్కున ఆగింది. "బంగారు తల్లా? గోడలు పాకుతానని మా నాన్న నన్ను బల్లీ అని తప్ప పిలిచిన పాపాన పోలేదు! పోవయ్యా పో!" అంది. ఎండమావి సిగ్గుపడి మాయమైంది. అది నిలబడ్డ చోట ఉప్పు పెళ్ళ కింద ఊబి బుడబుడలాడుతోంది.

రాతి నగరం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అబ్బ, ఎంత నగరమో! ఆకాశాన్ని మోస్తున్నట్టు వరసగా స్తంభాలు, మెట్లు మెట్లుగా గుండ్రటి రంగస్థలం, రథాల చక్రాలు గాడి వేసిన రాతి బాటలు. మనుషులు మాత్రం లేరు. ఒక పెద్ద ఇంట్లో రంగురాళ్ళు పొదిగిన నేల మీద దుమ్ము పట్టిన సింహం బొమ్మ ఉంది. తిజిరి దాని మీద కాలు పెట్టింది.

"తోక!" అని నేల అరిచింది. "తోక తొక్కావు! పైగా నీళ్ళు మోసుకుంటూ తిరుగుతున్నావు! వెయ్యేళ్ళుగా నా రంగు నేనే చూసుకోలేదు. కాస్త చిలకరించు పిల్లా!"

"చిలకరిస్తే నాకేమిస్తావు?"

"మింగకుండా వదిలేస్తాను."

"నువ్వు నేలకు అతుక్కుని ఉన్నావు మృగరాజా" అని తిజిరి గుర్తుచేసింది.

సింహం మూతి ముడిచింది. "సరే, నా వీపు నీది" అంది.

తిజిరి తిత్తి విప్పి నీళ్ళు చిలకరించింది. తడి తగలగానే పసుపుపచ్చ ఒళ్ళు, ఎర్రటి జూలు ధగధగా మెరిశాయి. రాళ్ళన్నీ గలగలలాడుతూ సింహం లేచి నిలబడింది! ఇంకేముంది, గాలితో పందెం. ఇసుక తిన్నెలు వెనక్కి పరిగెత్తాయి, తిజిరి కేకలు కొండకు తగిలి తిరిగొచ్చాయి.

నీలి తలుపుల ఊరు మహా టక్కరిది. ఏ వీధిలో వెళ్ళినా తిరిగి తిరిగి అదే తలుపు ముందు తేలుతున్నారు. సింహం విసిగిపోయి ఆ తలుపును గోళ్ళతో గీరింది. తిజిరి మాత్రం నవ్వింది. "వీధి మోసం చేస్తే మిద్దె ఎక్కాలి" అని గోడ పాకి, కప్పుల మీదుగా పరిగెత్తి, బావి ఉన్న వాకిట్లోకి దూకింది.

"తలుపులున్న ఊళ్ళో ఆకాశం నుంచి ఊడిపడ్డావేమే?" అంది ఫకీరవ్వ. తిజిరి కథంతా చెప్పింది. అవ్వ విని అడిగింది: "ఆ భూతం మొదట ఏమడిగింది?"

"ఒక్క గుక్క."

"మీ నాన్న ఏమన్నాడు?"

తిజిరి తల వంచుకుంది. "వంతు లేదన్నాడవ్వా."

"దోచుకున్న నీళ్ళు నోట్లో ఉప్పవుతాయి. అందుకే అది ఊటంతా తాగినా దాహంతో మాడుతోంది" అని అవ్వ బావిలోంచి చిన్న సొరబుర్ర నింపి ఇచ్చింది. "ఇది ఎవరి నోట్లో పోస్తే వాళ్ళ ఉప్పు విరుగుతుంది. ఇందులో ఉన్నది ఒక్క గుక్కే. నేను ఇంకోటి ఇవ్వలేను."

తిరుగు దారిలో ఇసుక గాలి లేచింది! సింహం ప్రాణం పెట్టి పరిగెత్తింది. తఫ్రీత్ గోడ మీంచి ఎగిరి, మిద్దెల మీద గలగలా దూకుతూ ఊట దగ్గరికి చేరింది. తిజిరి కిందికి జారింది. నాన్న ముక్కు కొస అప్పటికే అరిగిపోయింది. బుర్రను ఆయన పెదాల దాకా తెచ్చింది.

"పిల్లా..." వెనక ఎండిన గొంతు. "ఒక్క గుక్క..."

భూతం చూపు తగిలి తిజిరి పాదాలు తెల్లబడుతున్నాయి. ఆ బుర్ర నాన్న కోసం తెచ్చింది. నాన్న ఒక్కడికే సరిపోతుంది. అది ఆయనకు పోసేస్తే ఊట రాదు, మిగతావాళ్ళు లేవరు. అన్నిటికంటే ముందు, ఎదురుగా ఒక ప్రాణి దాహంతో చచ్చిపోతోంది. మళ్ళీ వంతు లేదనడానికి తనకు నోరు రాలేదు.

"ఇది నా వంతు" అని ఏడుస్తూ బుర్ర చాపింది. "దోచుకోనక్కర్లేదు. నేనే ఇస్తున్నాను, తాగు!"

భూతం తాగింది. దాని కళ్ళు మూతపడ్డాయి. వెయ్యి కుండలు ఒక్కసారి పగిలినట్టు ఊట బద్దలై పైకి చిమ్మింది! నీళ్ళు కాలవలోకి ఉరికాయి. "నాన్నా!" అని తిజిరి తూము దగ్గరి బొమ్మను కావలించుకుంది. ఉప్పు ఆమె చేతుల్లోనే కరిగిపోతోంది. భుజం కరిగింది, చెయ్యి కరిగింది. తిజిరి గట్టిగా కళ్ళు మూసుకుంది.

తడి గడ్డం ఒకటి ఆమె నుదుటికి గుచ్చుకుంది.

"బల్లీ! మిద్దె దిగొద్దని నీకెన్నిసార్లు చెప్పాలే?"

ఉప్పు పైపెంకు మాత్రమే, లోపల మనిషి మనిషిగానే ఉన్నాడు. ఊరంతా తడిసి ముద్దై, తుమ్ముతూ లేచింది. భూతం పొడవాటి మామూలు మనిషిగా మారి ఊట గట్టున కూర్చుంది. ఇద్దర్ వెళ్ళి స్వయంగా అతని దోసిట్లో నీళ్ళు పోశాడు.

ఆ రోజు నుంచి తఫ్రీత్‌లో మొదటి కుండ వంతు ఏ తోటదీ కాదు, దారిన పోయే దాహానిది. ఆ వంతుకు కాపలా ఎవరనుకున్నారు? మన ఉప్పు మనిషే! కొన్నేళ్ళకు తిజిరి ఊరి నీరటి అయింది. రాజుగారు తన కొడుక్కి చేసుకుంటానని కబురంపితే, "ముందు అబ్బాయిని మిద్దెల మీద నాతో పరుగు గెలవమనండి" అందట. పాపం, ఆ అబ్బాయి ఇంకా సాధన చేస్తూనే ఉన్నాడు. సింహం మిద్దె మీద కునుకు తీస్తూ, రంగు వెలిసినప్పుడల్లా పిల్లల్ని పిలిచి నీళ్ళు చల్లించుకుంటోంది.

ఇంతసేపు చెప్పి నా గొంతూ ఎండిపోయింది. మీలో ఎవరైనా లేచి, ఒక గ్లాసు నీళ్ళు తెచ్చిపెడుదురూ!