రెండింటికి ఖాళీ అయ్యే గది

బ్లడ్ బ్యాంకు కింది అంతస్తులో చివరి గది ఉందే... దానికి మంచి పేరు లేదు. రాత్రి రెండు దాటితే అక్కడ ఎక్కించిందేదీ మిగలదట. ఇద్దరు ప్రోగ్రామర్లు తాళం టేబుల్ మీద పడేసి, ఉద్యోగానికే దణ్ణం పెట్టి పోయారు.

ఆఖరికి ఆ గదిలో పని సీనియర్ ప్రోగ్రామర్ మెడకు చుట్టుకుంది. మూడు లక్షల మంది రక్తదాతల వివరాలు పాత ఫైళ్ళలోంచి డేటాబేస్‌లోకి ఎక్కించాలి. పగలు సిస్టమ్ ఖాళీ ఉండదు. పని అయ్యేదాకా సెలవు లేదన్నాడు మేనేజరు. మూడో రాత్రి తెల్లారగానే ఆరింటికి ఆమె తల్లికి గుండె ఆపరేషన్. "నువ్వొస్తేనే లోపలికెళ్తా" అని ఆవిడ పట్టు.

మొదటి రాత్రి లక్షా ఎనభై వేలు ఎక్కాయి. సరిగ్గా రెండింటికి — గుయ్‌మంటున్న కంప్యూటర్ మిషన్ ఆగిపోయింది. మళ్ళీ దానంతటదే లేచింది. చూస్తే... సున్నా!

కరెంటు పనివాడొచ్చి అంతా బాగానే ఉందన్నాడు. రెండో రాత్రీ అదే సున్నా.

"ఏ జన్మలో పాపమో ఇది!" అని నెత్తి కొట్టుకుంది.

మూడో రాత్రి వాచ్‌మన్ తాత గుసగుసలాడాడు. "గదిలో ఏదో ఉందమ్మా... నేనైతే లోపలికి తొంగి కూడా చూడను."

"ఉంటే ఉండనీ తాతా. తెల్లారితే అమ్మ దగ్గరుండాలి నేను."

కోపంలోనే బుర్ర వెలిగింది. తన ప్రోగ్రాం ఒక్కో ఇటుకకీ ఒక్కో ట్రిప్పు వేసినట్టు, ఒక్కో దాతనీ విడిగా పంపుతోంది. పైగా ఖరారు, అంటే సేవ్, చేసేది అందరూ ఎక్కాకే. మధ్యలో మిషన్ ఆగితే ఖరారు కానిదంతా గోవిందా! మార్చి రాసింది. ఐదు వేల మంది ఒకేసారి, ప్రతి కట్టకీ అప్పటికప్పుడే ఖరారు.

పావుగంటలో మూడు లక్షలూ ఎక్కేశాయి. ఒకటీ నలభై ఆరు. వెళ్ళిపోవచ్చు. కానీ ఒళ్ళు మండిపోతోంది. దాని మొహం చూసే పోతానని కూర్చుంది.

రెండు.

వరండాలో అడుగులు... తలుపు పక్కన ఆగాయి... ఎవరిదో ఆయాసం...

టక్!

మిషన్ ఆగింది. ఆమె తలుపు లాగింది. స్విచ్ బోర్డు మీద చేయితో — వాచ్‌మన్ తాత!

"నువ్వా తాతా!"

"రోజూ చేసేదేగా అమ్మా... మిషన్ వేడెక్కుతుంది, రెండింటికోసారి ఆపి వెయ్యమన్నారు. ఎనిమిదేళ్ళు, ఒక్క రాత్రి తప్పలేదు."

"ఏ తలమాసినవాడు చెప్పాడు?"

తాత జేబులోంచి చిరుగుల కాగితం తీసి టార్చి వేశాడు.

అక్షరాలు ఆమెవే. ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసిచ్చింది. ఆ వేడెక్కే మిషన్ మార్చి ఆరేళ్ళయింది.

తాత స్విచ్ వేశాడు. లోపలికి పరిగెత్తి చూసింది. మూడు లక్షలూ ఉన్నాయి. ఊపిరి పీల్చుకుని బ్యాగు తీసుకుంది.

"తాతా, ఇక ఆ స్విచ్ ముట్టుకోకు!"

తాత కదల్లేదు. కాగితం వెనక్కి తిప్పి, పెన్ను అందించాడు.

"ఆ మాటా రాసివ్వండమ్మా."